ఉక్కుచెయ్యి కవల

గడియారాలు బాగుచేసే కొట్టు, వెనక గది. భోజనాల వేళ కావడంతో షట్టరు సగం దించి ఉంది. బల్లకు ఒకవైపు కొట్టు యజమాని, పక్కనే యూనిఫారం మార్చుకోకుండా వచ్చిన బస్సు కండక్టరమ్మ. రెండోవైపు, ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన.

"ముందు ఏడుగురి పేర్లూ చెప్పండి. తరవాత మాట్లాడదాం."

"ఏ ఏడుగురు బాబూ?"

"అదిగో. విన్నావా అక్కా? సప్తదళం గురించి మాట్లాడాలని షట్టరు కింద నుంచి వంగి మరీ వచ్చారు. తీరా వచ్చాక ఏ ఏడుగురు అంటున్నారు."

"ఆగు తమ్ముడూ, పెద్దాయన్ని కాస్త ఊపిరి తీసుకోనీ. బాబాయిగారూ, సప్తదళం అంటే బొమ్మల కథల పుస్తకం. నెలనెలా వచ్చేది. అందులో వీరులు ఏడుగురు. వాళ్ళ పేర్లు అడుగుతున్నాడు, మా అభిమానుల సంఘం సెక్రటరీ."

"ఉక్కుచెయ్యి."

"ఒకటి."

"ఇంకా... ఒకమ్మాయి ఉండాలి. ఆకాశం రంగు బట్టలు. నీలం అరవై పాళ్ళు, ఎరుపు పది. పసుపు అస్సలు ఉండదు."

"రంగు కాదు బాబాయిగారూ, పేరు."

"పేరు తెలీదమ్మా."

"వానకన్నె పేరు తెలీదు! అభిమానులట!"

"అభిమానినని నేననలేదు బాబూ."

"మరెందుకొచ్చారు?"

"రేపు మీరొక పుస్తకం అచ్చుకిస్తున్నారు కదా. సప్తదళంలో ఎవరెవరని. అందులో ఉక్కుచెయ్యి పేజీ ఒకటుంది. అది మార్చాలి."

"రేపని మీకెవరు చెప్పారు?"

"చదివాను."

"ఎక్కడ?"

"కాగితంలో."

"ఏ కాగితం? జేబులోదా? ఇలా ఇవ్వండి... అక్కా, ఇది మన ప్రూఫు!"

"ఏదీ? అవును. మూలన నీ వేలి నూనె మరక కూడా ఉంది."

"ఈ ప్రూఫు ఒక్కరికి పంపాం. ఒకే ఒక్కరికి. మీ జేబులోకెలా వచ్చింది?"

"ఇంట్లో దొరికింది."

"ఎవరింట్లో?"

"ఇంట్లో బాబూ. దాన్ని వదిలెయ్యండి. పేజీ సంగతి..."

"ఎలా వదిలెయ్యమంటారు? పోస్టులో వేరేవాళ్ళకి వెళ్ళాల్సిన కవరు మీరు చింపారు. ముందు దానికి జవాబు చెప్పండి."

"చెప్తాను. ముందు పేజీ."

"ఒంటివాళ్ళు పంపుంటారు తమ్ముడూ, ఇంకేముంది. ముఖం చూస్తే పెద్దమనిషిలా ఉన్నాడు, అలాంటివాళ్ళనే ఏరి పంపుతారు."

"ఒంటివాళ్ళంటే ఎవరమ్మా?"

"తెలీనట్టు అడుగుతారేం? సరే వినండి. నలభై సంచికల దాకా ఉక్కుచెయ్యికి ఎడమచెయ్యి ఉక్కుది. నలభై ఒకటో సంచికలో పద్నాలుగో పేజీకి వచ్చేసరికి కుడిచెయ్యి ఉక్కుది. ఆ చేత్తోనే కోట తలుపు గడియ తీసి శత్రువుల్ని లోపలికి రానిచ్చాడు. పేజీ తిప్పితే మళ్ళీ ఎడమచెయ్యే. అరవైతో పుస్తకమే ఆగిపోయింది. ఆ తలుపు తీసిందెవరో తేల్చకుండానే మూసేశారు. ఆ పద్నాలుగో పేజీ వచ్చినప్పట్నించీ చదివేవాళ్ళం రెండు ముక్కలయ్యాం. తలుపు తీసింది వాడి కవల, మనవాడు నిర్దోషి అనేది మేం. కవలవాళ్ళం. కవలా లేడు గివలా లేడు, ద్రోహం చేసింది వాడే అనేవాళ్ళు ఒంటివాళ్ళు."

"ఇరవై రెండేళ్ళుగానా?"

"ఇరవై రెండేళ్ళుగా. మా ఆయన ఒంటివాడే. పెళ్ళయ్యాక బయటపడింది."

"అక్కా, ఇంటి కబుర్లు వద్దు. చూడండి పెద్దాయనా, ఒంటివాళ్ళు మా మీదికి మనుషుల్ని పంపడం కొత్త కాదు. మొన్నటికి మొన్న ఒకాయన వచ్చాడు. ఆ బొమ్మలన్నీ నేనే వేశానన్నాడు. ఏదీ, ఒక చెయ్యి గీయండి చూద్దామంటే పెన్సిలు చెక్కమన్నాడు. చెక్కిస్తే, ముల్లు మరీ సన్నంగా ఉందన్నాడు. ఇప్పటికీ గీస్తూనే ఉన్నాడు."

"నన్నెవరూ పంపలేదు బాబూ. కానీ కవల లేడు."

"చూశావా! నోరు విప్పితే అదే మాట."

"కవల లేడు. ఆ పేజీ బొమ్మ తిరగబడింది. అచ్చు ప్లేటు మీదికి బొమ్మ దించేటప్పుడు ఫిల్ము తిరగేసి పెట్టారు. ఎడమ కుడి అయింది. అంతే."

"అంతేనా? మరి బొమ్మ తిరగబడితే మాటలూ తిరగబడాలి కదా? ఆ పేజీలో అక్షరాలు చక్కగానే ఉన్నాయే?"

"మాటల ఫిల్ము వేరు, బొమ్మల ఫిల్ము వేరు. మూడు భాషల్లో వచ్చేది ఆ పుస్తకం. బొమ్మల ఫిల్ము ఒకటే, మాటల ఫిల్ములు మాత్రం మూడు. ఆ పేజీలో పేజీ నిండా ఒకే బొమ్మ. పైన, సరిగ్గా నడిమధ్యన పెట్టె. మాటలు దాంట్లో ఉంటాయి. బొమ్మ ఎటు తిరిగినా పెట్టె నడుమనే ఉంటుంది. అందుకే ఎవరి కంటా పడలేదు."

"తమ్ముడూ, ఈయన ఏడుగురి పేర్లూ చెప్పలేడు గానీ, పెట్టె ఎక్కడుందో చెబుతున్నాడు."

"అదే నా అనుమానం కూడా. ఎవరో బాగా చదివించి పంపారు. సరే, ఇంకోటడుగుతాను. పన్నెండో సంచికలో కోట తలుపు గడియ ఎడమవైపుంటుంది. ఇందులో కుడివైపు. దానికేమంటారు?"

"అదీ తిరగబడిందే."

"కాదు. అది రెండో తలుపు. భూతద్దం అనే పేరుతో మాకు రాసే ఆవిడ కోట పటం గీసి మరీ చూపించారు. మరి చంద్రుడు? ముందు పేజీలో వంపు ఒకవైపు, ఇందులో రెండోవైపు."

"చంద్రుడు కూడా..."

"కాదు. మధ్యలో పదిహేను రోజులు గడిచాయి. అదీ భూతద్దం గారే తేల్చారు. ఒక్కటి కాదు, తొమ్మిది రుజువులు. మా సభ్యుల్లో ఆవిడంత చూపున్నవాళ్ళు లేరు. ఈ ప్రూఫు పంపింది ఆవిడకే. ఆవిడ సంతకం లేనిదే ఆ పేజీలో చుక్క కూడా మార్చం, అది మా నియమం. గోడ మీద చూడండి, ఆవిడ మాటే ఫ్రేము కట్టించి పెట్టుకున్నాం."

"నాకు కళ్ళజోడు... ఏముంది అందులో?"

"'చెయ్యి మారిందంటే కథలో ఏదో కారణం ఉంటుంది. బాగా వెతుకు.'"

"ఏం బాబాయిగారూ, లేచారేం?"

"వెతుకు అనే ఉందా? వెతకండి అని లేదా?"

"వెతుకు అనే ఉంది. ఏం?"

"ఏం లేదు. కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా?"

"ఇదిగో. నిదానంగా తాగండి. తమ్ముడూ, నువ్వలా నిలబడి అడగకు, కూర్చుని అడుగు."

"కూర్చునే అడుగుతాను. ఫిల్ము తిరగబడిందన్నారు. రుజువేది? మాటలు ఎవరైనా చెబుతారు."

"మీ కంటికి పెట్టుకుంటారే, గడియారాలకి, ఆ అద్దం ఉందా?"

"అది లేకపోతే నా బతుకే లేదు."

"నలభై ఒకటో సంచిక ఉందా?"

"ఉండకపోవడమేమిటి. బీరువాలో. అక్కా, ఆ బట్టలోది. చేతులు తుడుచుకుని తియ్యి."

"తుడుచుకున్నాలే."

"ముందు పదిహేనో పేజీ చూడండి బాబూ. బొమ్మని కాదు, రంగు చుక్కల్ని చూడండి. అచ్చులో రంగంటే చుక్కలే. ఎలా ఉన్నాయి?"

"గుండ్రంగా. పిన్నుతో గుచ్చినట్టు."

"ఇప్పుడు పద్నాలుగు."

"ఏం కనిపించింది తమ్ముడూ?"

"అంచులు ఉబ్బి ఉన్నాయి. బ్లాటింగు కాగితం మీద సిరా పడ్డట్టు."

"ఏదీ, నన్ను చూడనీ... నిజమే."

"ఫిల్ముకి ఒకవైపే మందు పూత ఉంటుంది. ఆ వైపు ప్లేటుకి ఆనాలి. తిరగేస్తే, బొమ్మకీ ప్లేటుకీ నడుమ ఫిల్ము మందమంత సందు వస్తుంది. ఆ సందులోంచి వెలుగు పక్కకి జారుతుంది. అప్పుడు చుక్కలు ఉబ్బుతాయి. ఇంకే పేజీలోనూ అలా ఉండదు. కావలిస్తే అరవై సంచికలూ చూసుకోండి."

"కానీ రంగులు నాలుగు కదా? నాలుగు ఫిల్ములూ ఒకేసారి ఎలా తిరగబడతాయి? ఒకటి తప్పితే మూడు సరిగ్గా ఉండాలి. రంగులు చెదిరిపోవాలి."

"బాగా అడిగారు. ముందు నలుపు పెడతాం. మిగతా మూడూ దాని మీద కలిపి చూసుకుంటూ పెడతాం. నలుపు తిరగబడితే, అవి కలవట్లేదే అని వాటినీ తిప్పి పెడతాం. అప్పుడు నాలుగూ చక్కగా కలుస్తాయి. తప్పు మీద తప్పు అంత బాగా కలుస్తుంది బాబూ. చూసేవాళ్ళు వెంట్రుకవాసి తేడా పట్టుకోలేరు."

"పెడతాం, పెడతాం అంటున్నారు. ఇందాక 'పెట్టారు' అన్నారు."

"ఆ ప్రెస్సులో పనిచేశాను."

"ఇప్పుడు చెబుతారా ఆ ముక్క!"

"ముప్పై ఒక్క ఏళ్ళు. ప్లేట్ల గది."

"అయితే తిరగేసి పెట్టిందెవరో మీకు తెలుసు."

"చాలా కాలమైంది బాబూ."

"చుక్కలు గుర్తున్నాయి, చెయ్యి గుర్తు లేదా? ఎవరు?"

"గదిలో నలుగురం ఉండేవాళ్ళం."

"నలుగురు కలిసి ఒక ఫిల్ము తిప్పరు. వింటున్నావా అక్కా? వచ్చినవాళ్ళంతా ఇక్కడే ఆగుతారు. బొమ్మలాయన తప్పు ప్రెస్సుదన్నాడు. ఆ ముందొచ్చిన పబ్లిషరు గుమాస్తా బొమ్మలాయనదన్నాడు. ప్రెస్సు మేనేజరు మేనల్లుడట ఇంకొకడు, వాడు మేనమామ మీదికి తోశాడు. ఫలానా అని చెప్పిన మొనగాడు లేడు. ఈయన తనతో పనిచేసినవాళ్ళ మీదికి తోస్తున్నారు."

"తొయ్యడం లేదు."

"మరెవరు?"

"తమ్ముడూ, చాలించు. ముఖం చూడు ఆయనది."

"చూస్తూనే ఉన్నాను. చెప్పండి, ఎవరు?"

"నేను."

"మళ్ళీ చెప్పండి."

"నేనే బాబూ. ఆ నలుపు ఫిల్ము నేను పెట్టాను. తప్పు నాదే."

"ఏమిటి తమ్ముడూ అలా లేచావు? ఎక్కడికి? బీరువా వెనకేముంది?"

"ఉండు. ఇది. ఈ కవరు."

"లక్కముద్ర వేసుందేమిటి? ఎవరిది?"

"భూతద్దం గారిది. మొదటి వ్యాసంతో పాటే పంపారట. నా ముందు సెక్రటరీ నాకప్పగించారు. కొట్టు తగలబడినా ముందు ఇది తియ్యాలన్నారు."

"పదకొండేళ్ళుగా ఈ గదిలో నీతోపాటే కూర్చుంటున్నాను. నాతో ఒక్క ముక్క అనలేదే!"

"సెక్రటరీకి తప్ప ఎవరికీ చెప్పకూడదు అక్కా. మీద రాసింది విను. 'తప్పు నాదే అని ఎవరైనా వచ్చి చెబితే, నన్ను పిలిచి, నా ముందు విప్పండి.' ముగ్గురొచ్చారు. ఎవరూ నాదే అనలేదు. అందుకే ఇంత గుచ్చి అడిగాను, క్షమించండి."

"అయితే ఆవిణ్ణి పిలవాలి. ఉత్తరాలే తప్ప మనిషిని ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడైనా చూస్తాం. కానీ నాలుగు నెలలుగా జవాబు లేదు కదా. అలిగిందేమో అనుకున్నాం, ప్రూఫులో ఆవిడ చంద్రుడి బొమ్మ చిన్నది చేశామని."

"పిలవలేరమ్మా."

"ఎందుకని?"

"ఈ ప్రూఫు ఇంట్లో దొరికిందన్నాను కదా. మా అమ్మాయి బల్ల మీద దొరికింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ దానికొచ్చిన ఉత్తరాలన్నీ ఆ బల్ల మీద పెడుతూ వచ్చాను. వచ్చాక చూసుకుంటుందని. రాలేదు."

"బాబాయిగారూ..."

"పోయిన వారం విప్పడం మొదలుపెట్టాను. భూతద్దం అనే పేరు మీ కవరు మీదే చూశాను. ఇంట్లో మేం అలా పిలిచేవాళ్ళం కాదు. అంత పేరుందని కూడా తెలీదు. ఆ పిచ్చి పుస్తకాలు ఇంకా దాచుకుందా అనుకున్నాను. ప్రూఫు చదివాకే తెలిసింది, ఏం కట్టుకుంటూ పోయిందో. దేని మీద కట్టిందో."

"దేని మీద?"

"పదమూడేళ్ళప్పుడు. ఒక శనివారం సాయంత్రం నేను పని నుంచి రాగానే, ఈ పేజీ పట్టుకుని నన్ను బీరువా అద్దం ముందుకి లాక్కెళ్ళింది. 'నాన్నా, ఇక్కడ తప్పుగా ఉంది, అద్దంలో సరిగ్గా ఉంది చూడు' అంది. చూశాను. నేను పెట్టిన ఫిల్మే. ఆ నెలలోనే ఒకతన్ని ఇంతకంటే చిన్న తప్పుకి పంపేశారు. మా ఫోర్మను కూతురు దీని పక్క బెంచీ. ఇంట్లో అన్న మాట తెల్లారేసరికి బడిలో ఉంటుంది."

"అందుకని?"

"గోడ మీద ఉందే. ఆ మాట అన్నాను."

"'కథలో ఏదో కారణం ఉంటుంది. బాగా వెతుకు.' మీ మాటా అది!"

"వెతికింది. ఇరవై రెండేళ్ళు వెతికింది. ఉద్యోగం పోదని తేలిపోయాక కూడా నేను చెప్పలేదు. దాచి కాదు. మరిచిపోయాను. ఆ ఒక్క సాయంత్రం తప్ప మళ్ళీ అనుకోనే లేదు. రేపు అచ్చయితే దాని పేరు నా అబద్ధం కింద ఉండిపోతుంది. దానికి చెప్పడానికి లేదు కదా ఇంక. మీకైనా చెబుదామని వచ్చాను."

"తమ్ముడూ, కవరు విప్పు."

"ఆవిడ ముందు విప్పమన్నారు అక్కా."

"ఆవిడ తండ్రి ముందు విప్పు. ఇలా తే, నేను విప్పుతాను. ఇదిగో. చదువు. ముందు తారీకు చదువు."

"నలభై ఒకటి వచ్చిన నెలే. పదిహేడు, ఆదివారం."

"మీరు అద్దం ముందు నిలబడింది శనివారం కదా బాబాయిగారూ?"

"శనివారం. ముందు రోజు."

"'సెక్రటరీ గారికి. ఆ పేజీ ఫిల్ము తిరగబడింది. అద్దంలో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ దీంతో పంపిన వ్యాసంలో కవల ఉన్నాడని రాశాను. తలుపుకీ చంద్రుడికీ కారణాలు వెతకడానికి నాకు పొద్దున్నించీ పట్టింది.'"

"అప్పటికే తెలుసా దానికి?"

"వినండి బాబాయిగారూ."

"'తప్పు నాదే అని మీ దగ్గరికి వచ్చినాయన మా నాన్న. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు. నిన్న చెప్పి, రాత్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ అడిగితే పంటినొప్పి అన్నాడు. అది రెండో అబద్ధం. నేను మళ్ళీ అడిగితే మూడోది చెప్పాలి. అందుకని అడగను. ఆయనే చెబుతాడు. ఆ రోజు నన్ను తప్పకుండా పిలవండి, ఆయన ముఖం నేను చూడాలి.'"

"అయిపోయిందా బాబూ?"

"ఒక్క వాక్యం ఉంది."

"చదవండి."

"'అప్పటిదాకా ఎవరేమన్నా మీరు ఒప్పుకోకండి, తలుపు తీసింది కవలే.'"